తర్వాత అనే బటన్

గురువారం ఉదయం పది గంటలకు బాలరాజు ముందున్న తెర మీద మూడు వందల పన్నెండు చుక్కలున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో కంప్యూటర్. నాంపల్లిలోని పెద్ద ఆసుపత్రివి నూట తొంభై, మిగతావి ఊళ్ళో అక్కడక్కడా ఉన్న క్లినిక్కులవి. వాటన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం, పాతది తీసేయడం, అవి సరిగా నడుస్తున్నాయో లేదో చూడటం అతని పని. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో కూర్చుని ఆ పని చేస్తాడు. నాంపల్లికి వెళ్ళి ఎవరి కుర్చీ పక్కనా నిలబడనక్కర్లేదు. ఇక్కడ నొక్కితే అక్కడ జరుగుతుంది.

కొత్త వెర్షన్‌ను మంగళవారం పది కంప్యూటర్లకే పంపాడు. ఎప్పుడూ అంతే. ముందు పదింటికి, రెండు రోజులు చూసి యాభైకి, ఆ పైన అన్నిటికీ. ఆ పదిలో ఎనిమిది బాగానే లేచాయి. రెండు మాత్రం రీస్టార్ట్ మధ్యలో ముప్పై శాతం దగ్గర ఆగిపోయి గంట దాకా కదల్లేదు. రెండూ పాత మిషన్లు. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో అతను జాబితా రాసుకుంటున్నాడు.

వెనక నుంచి సదాశివ వచ్చి కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఐటీ విభాగానికి ఆయనే పెద్ద. సుల్తాన్‌బజార్‌లో పుట్టి పెరిగినవాడు, గొంతు పెంచకుండా మాట్లాడతాడు.

"ఎన్నయినయ్ బాలరాజ్?"

"పదే సార్. అందుల రెండు ఆగిపోయినయ్. జర చూడాలె."

"చూసుకుంట కూసునేటందుకు టైం లేదు. శనివారం తనిఖీకి వస్తున్నరు. అన్ని సిస్టమ్‌లల్ల కొత్తది కనబడాలె. ఇయ్యాల సాయంత్రానికి అయిపోతదని డైరెక్టర్ సార్‌కు మాటిచ్చిన."

"రాత్రికి పెడ్త సార్."

"పోయిన వారం రాత్రే గదా పెట్టినవ్. సగం మంది సిస్టమ్ బంద్ చేసుకొని ఇంటికి పోయిన్రు. గిప్పుడైతే అందరు సీట్లల్ల ఉన్నరు. గిప్పుడే పంపు."

"బ్లడ్ బ్యాంకు, క్యాజువాల్టీ రెండు ఆపుకుంట సార్."

"తనిఖీవాళ్ళు మొదాలు చూసేటియి ఆ రెండే." సదాశివ తెర మీదికి వంగాడు. "ఆ 'తర్వాత' బటన్ గూడ తీసెయ్. ఉంటే నొక్కుకుంటనే కూసుంటరు."

అప్‌డేట్ వచ్చినప్పుడు అవతలి మనిషి తెర మీద రెండు బటన్లు కనిపిస్తాయి. 'ఇప్పుడే', 'తర్వాత'. రెండోది తీసేస్తే గడువు ముగియగానే కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. మనిషిని అడగదు.

"సార్, ఒక మెయిల్ పెట్టున్రి. పంపుమని," అన్నాడు బాలరాజు.

"నోటితోని చెప్తే సాల్దా?"

సదాశివ అక్కడే నిలబడ్డాడు. బాలరాజు అన్ని గ్రూపులనూ ఎంచుకున్నాడు. బటన్ తీసేశాడు. ముప్పై నిమిషాల గడువు పెట్టాడు. పది నలభైకి నొక్కాడు. ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే పసుపు రంగుకు మారడం చూసి సదాశివ వెళ్ళిపోయాడు.

పదకొండు దాటి ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. భూమయ్య. నాంపల్లి ఆసుపత్రి నేలమాళిగలో బ్లడ్ బ్యాంకు కౌంటర్ మీద ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న గుమాస్తా. బాలరాజును తమ్ముడిలాగే చూస్తాడు.

"రాజూ, నా సిస్టమ్ ఐదు నిమిషాల్ల బంద్ అయితదని చూపెడ్తుంది. 'తర్వాత' అనేది కనిపిస్తలేదు. జర ఆపు. యాక్సిడెంట్ కేసు వచ్చింది, నాలుగు బ్యాగులు అడుగుతున్నరు. పొద్దుగాల చూసిన టెస్టులన్ని దీన్లనే ఉన్నయ్."

"ఆపుత అన్నా, ఉండు."

చుక్కల్లో భూమయ్య కంప్యూటర్‌ను వెతికి పట్టుకున్నాడు. రద్దు నొక్కాడు. 'ఆదేశం ఇప్పటికే అందింది' అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. అదే మాట. చేరిన ఆదేశాన్ని వెనక్కి తీసుకునే దారి ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ నాలుగుసార్లు నొక్కాడు.

"అన్నా, అయితలేదు. నేనే వస్తున్న."

అతను కుర్చీలోంచి లేచేసరికి తెర మీద ఆ చుక్క బూడిద రంగులోకి మారింది. అక్కడ కంప్యూటర్ ఆగిపోయింది.

*

అబిడ్స్ చౌరస్తాలో రెండు బస్సులు ఒకదానికొకటి అడ్డంపడి నిలిచిపోయాయి. బాలరాజు బండిని ఫుట్‌పాత్ మీదికెక్కించి, బెల్టులమ్మే బండివాడి చేత తిట్లు తిని, నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టేసరికి పదకొండున్నర. ఆసుపత్రి గేటు దగ్గర బండి వదిలేసి లోపలికి పరుగెత్తాడు. రిసెప్షన్ గోడ మీది గడియారం పదకొండు నలభై చూపిస్తోంది.

నేలమాళిగ మెట్లు దిగుతుంటే ముందు చప్పుళ్ళు వినిపించాయి. అద్దం పగిలిన చప్పుడు, ఇనుప స్టూలు నేల మీద ఈడ్చుకుపోయిన చప్పుడు, మధ్య మధ్య బరువైనదేదో గోనెసంచికి తగిలినట్టు మెత్తటి దెబ్బలు. వరండాలో ఆరేడుగురు రోగుల బంధువులు గోడకు అతుక్కుని నిలబడి ఉన్నారు. ఎవరూ ముందుకు వెళ్ళడం లేదు.

కౌంటర్ అద్దానికి మనిషి తల పట్టేంత రంధ్రం పడింది. పక్క తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. లోపల ముగ్గురు మగవాళ్ళు, వాళ్ళ మధ్య భూమయ్య. ఇద్దరు అతన్ని చెరో రెక్కా పట్టుకుని బల్లకేసి అదిమి ఉంచారు. మూడోవాడి తెల్ల చొక్కా ఛాతీ నుంచి నడుము దాకా ఎర్రగా తడిసి ఉంది. ఆ నెత్తురు అతనిది కాదు. పైన క్యాజువాల్టీలో పడుకున్న అతని తమ్ముడిది. ఆ మనిషి పేరు మహీధర్ అని బాలరాజుకు తర్వాత తెలిసింది.

"అరగంట నుంచి అడుగుతున్న," అంటున్నాడు మహీధర్. అరవడం లేదు. ప్రతి మాటకూ ఒక దెబ్బ వేస్తున్నాడు. "కంప్యూటర్ లేదంటవ్. నా తమ్ముడు గాడ నెత్తురు లేక సస్తుండు. నువ్వు గీడ పుస్తకం ముందటేసుకొని రాసుకుంట కూసున్నవ్."

"పైకి పోయింది సార్," అన్నాడు భూమయ్య. పెదవి చీలి మాట తడితడిగా వస్తోంది. "రక్తం పైకి పోయింది. ఎనక లిఫ్టుల తీసుకపోయిన్రు."

"అబద్ధం."

"పైకి పోయింది సార్."

బల్ల మీద కంప్యూటర్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. 'ముప్పై శాతం పూర్తయింది. దయచేసి కంప్యూటర్‌ను ఆపవద్దు.' మహీధర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని వైర్లతో సహా పెరికి భూమయ్య భుజం మీద కొట్టాడు. గాజు, ప్లాస్టిక్కు ముక్కలు వరండా దాకా ఎగిరి వచ్చాయి. ఒక ముసలామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భూమయ్య కుడిచెయ్యి మాత్రం సగం తెరిచి ఉన్న ఇనుప డ్రాయర్ అంచును పట్టుకుని ఉంది. డ్రాయర్లో పొడుగాటి రిజిస్టరు. దాన్ని వాళ్ళకు అందకుండా లోపలికి తోస్తున్నాడు. మహీధర్ అది చూశాడు. కాలెత్తి డ్రాయర్‌ను తన్నాడు. మొదటిసారి డ్రాయర్ పూర్తిగా మూసుకోలేదు. రెండోసారి తన్నాడు. ఎండిన కట్టె విరిగినట్టు సన్నటి చప్పుడు వచ్చింది, వెంటనే ఇంకొకటి. భూమయ్య నోరు తెరుచుకుంది. గొంతు లేవలేదు.

"ఎవడ్రా బంద్ చేసింది దీన్ని?" మహీధర్ అతని జుట్టు పట్టి తల పైకెత్తాడు. "గా కంప్యూటరోడు ఎవడు? వాని పేరు చెప్పు, నిన్ను ఇడిచిపెడ్త."

బాలరాజు మెడలో నీలం పట్టీకి కార్డు వేలాడుతోంది. దాని మీద అతని ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో ఐటీ విభాగం అని ఉంది. అతని చెయ్యి దాని మీదికి వెళ్ళింది. కార్డును తిప్పి, పట్టీతో సహా చొక్కా లోపలికి జార్చుకున్నాడు. చల్లటి ప్లాస్టిక్కు పొట్టకు తగిలింది. తలెత్తేసరికి భూమయ్య ఒక కన్ను అతన్నే చూస్తోంది. రెండోది అప్పటికే వాచి మూసుకుపోయింది.

ఇద్దరి మధ్యా నాలుగు అడుగులు.

"నాకు తెల్వది," అన్నాడు భూమయ్య.

మహీధర్ మోకాలు అతని దవడకు తగిలింది. భూమయ్య బల్ల పక్కకు ఒరిగి కిందపడ్డాడు. పడ్డాక కూడా తన్నారు. సెక్యూరిటీ వాళ్ళు నలుగురు మెట్లు దిగి వచ్చి, లాఠీలు అడ్డంపెట్టి, ముగ్గురినీ గోడకు తోసేదాకా తన్నారు. బాలరాజు కాళ్ళు ఆ తర్వాత కదిలాయి. గాజుముక్కల మీద మోకాళ్ళు ఆన్చి భూమయ్య తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అతని చొక్కా లోపల కార్డు అటూ ఇటూ జారుతూనే ఉంది.

*

శుక్రవారం అబిడ్స్ ఆఫీసుకు ఆసుపత్రి మేనేజర్ కమలకుమారి వచ్చింది. సదాశివ గదిలో కూర్చుని బాలరాజును పిలిపించారు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ సంగతి చెప్పింది. మహీధర్ తమ్ముడు బబ్లూ బతికాడు, పొద్దున కళ్ళు తెరిచాడు. వాళ్ళది ఇక్కడే అబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం, పరపతి ఉన్న కుటుంబం. టీవీ వాళ్ళ దగ్గరికి వెళ్తామంటున్నారు. ఇటు ఆసుపత్రి దాడి కేసు పెట్టవచ్చు. రెండు వైపులా ఆగితే అందరికీ మంచిది. సోమవారం రాజీ కాగితం మీద సంతకాలు.

"కాగితంల కారణం ఒకటి రాయాలె గదా," అంది. "కౌంటర్ ఉద్యోగి నిర్లక్ష్యం అని రాస్తున్నం. భూమయ్యను సస్పెండ్ చేస్తం. దానికి మీ దగ్గర్నుంచి ఒక పేజీ కావాలె."

సదాశివ బల్ల మీది కాగితాన్ని బాలరాజు వైపు జరిపాడు. పోయిన వారం రికార్డు. భూమయ్య కంప్యూటర్‌లో 'తర్వాత' అనే బటన్ మూడుసార్లు నొక్కినట్టు తేదీలు, సమయాలు.

"ఇది వేరే అప్‌డేట్ మేడమ్," అన్నాడు బాలరాజు. "చిన్నది. ఆ టైంల గూడ కేసులు నడుస్తుండె. నొక్కొచ్చు. నొక్కనీకే ఆ బటన్ పెట్టింది."

"నొక్కిండా లేదా?"

"నొక్కిండు."

"గంతే కావాలె నాకు. మీ సంతకంతోని ప్రింట్ ఇయ్యున్రి."

ఆమె వెళ్ళాక సదాశివ తలుపు వేశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి కింది సందు చూస్తూ అడిగాడు.

"గురువారం రికార్డు తీస్తే అందుల ఎవరి పేరు వస్తది బాలరాజ్?"

"నాది."

"బటన్ తీసింది?"

"నా లాగిన్."

"నేను నిన్ను బెదిరిస్తలేను. ఉన్నది చెప్తున్న." ఆయన తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నాకింక మూడేండ్ల సర్వీసున్నది. నీకు ఇరవై ఐదేండ్లు."

ప్రింటర్ ఒక పేజీ బయటికి తోసింది. బాలరాజు సంతకం పెట్టాడు.

*

సాయంత్రం ఐదింటికి వార్డుకు వెళ్ళాడు. భూమయ్యను అదే ఆసుపత్రి మూడో అంతస్తులో చేర్చారు. దవడ కదలకుండా తల చుట్టూ గుడ్డ కట్టి ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. వేళ్ళ కొనలు నల్లగా, ఉబ్బి, కట్టులోంచి బయటికి వచ్చాయి. మంచం పక్కన శంకరమ్మ గిన్నెలో గంజి చెంచాతో తిప్పుతోంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. రెండు రోజులుగా పనికి పోలేదు.

"రా తమ్మీ, కూసో," అంది. "నువ్వు కంప్యూటరోళ్ళ మనిషివి గదా. సస్పెండని కాయితమిచ్చిపోయిన్రు. ఈయనది తప్పున్నదా అండ్ల? ఉంటే ఉన్నదని చెప్పు. నాకు తెల్వాలె."

బాలరాజు ఆమె చేతిలోని చెంచాను చూశాడు.

"నువ్వు పోయి జర చాయ తాగిరా," అన్నాడు భూమయ్య పళ్ళ సందుల్లోంచి. ఆమె గిన్నె మీద మూత పెట్టి లేచి వెళ్ళింది.

పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు.

"అన్నా, నేను ఆడనే ఉన్న," అన్నాడు బాలరాజు.

"చూసిన."

"నా పేరు ఎందుకు చెప్పలే?"

భూమయ్య జవాబు చెప్పడానికి ఊపిరి కూడదీసుకున్నాడు. "నన్ను కొడ్తనే ఉన్నరు గదా. నిన్ను గూడ కొడ్తే నాకు దెబ్బలు తక్కువైతయా?" ఆగి, మంచి కన్ను అతని వైపు తిప్పాడు. "ఆపమంటే ఎందుకు ఆపలే రాజూ?"

"పోయినంక ఆపరాదన్నా. అది గట్లనే ఉంటది."

"ఆపరానిది ఎందుకు పంపినవ్?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. బాలరాజు మంచం అంచు ఇనుప కడ్డీని పట్టుకుని కూర్చున్నాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర ఉన్నవన్నీ సదాశివ మాటలే. శనివారం తనిఖీ, డైరెక్టర్, సాయంత్రం గడువు. శంకరమ్మ తిరిగి వచ్చేలోపే లేచి బయటికి నడిచాడు.

వరండాలోకి వచ్చేసరికి బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ దివ్యశ్రీ ఎదురైంది. గురువారం నాలుగు బ్యాగులూ పైకి తీసుకెళ్ళింది ఆమే. చేతిసంచిలోంచి పొడుగాటి రిజిస్టరు సగం బయటికి తీసి చూపించింది.

"సిస్టమ్ ఆగిపోంగనే నేను మళ్ళ చేత్తోని టెస్టులు చేసిన. భూమయ్యనే పేర్లు, నంబర్లు చేత్తో రాసి చీటీలు అంటించిండు. ఇరవై నిమిషాల్ల పని అయిపోయింది. ఇగో చూడన్నా."

అట్ట మీద ఎండిన నెత్తురు మరక. లోపల భూమయ్య గుండ్రటి అక్షరాలు. 'నాలుగు బ్యాగులు. క్యాజువాల్టీ. వెనక లిఫ్టు. 11:36.'

"మేనేజరమ్మ ఈ పుస్తకం అడిగింది. దొరుకుతలేదని చెప్పిన," అంది దివ్యశ్రీ. బాలరాజు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

*

శనివారం తనిఖీ బాగా జరిగింది. మూడు వందల పన్నెండు చుక్కలూ ఆకుపచ్చగా ఉన్నాయి. బ్లడ్ బ్యాంకులో కొత్త అద్దం, కొత్త కంప్యూటర్ పెట్టారు. తనిఖీ వాళ్ళు సదాశివతో చేతులు కలిపి వెళ్ళారు. ఒంటిగంటకు అందరూ భోజనాలకు లేచినప్పుడు బాలరాజు మెట్లు దిగి రోడ్డు దాటి సూట్‌కేసుల దుకాణానికి వెళ్ళాడు. తెల్ల చొక్కా మనిషిని వెతకనక్కర్లేకపోయింది. దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇవాళ చొక్కా నీలం రంగుది.

"ఏం కావాలె?" అన్నాడు మహీధర్.

బాలరాజు మెడలోని కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

"గురువారం కంప్యూటర్ బంద్ చేసింది నేను సార్. కౌంటర్ మీది భూమయ్య చెయ్యలే. గా సందుల ఉన్న మా ఆఫీసుల నుంచి నేను నొక్కిన. మీరు సోమవారం సంతకం పెట్టబోయే కాయితంల ఉన్నది అబద్ధం."

మహీధర్ స్టూలు మీద నుంచి లేవడం బాలరాజు చూశాడు. చెయ్యి లేవడం చూడలేదు. మొదటి దెబ్బకు చెవిలో హోరు మొదలైంది. రెండోది ముక్కు మీద పడింది. వేలాడదీసిన స్కూలు సంచుల మధ్యకు తూలి, వాటిని పట్టుకుని, వాటితో సహా ఫుట్‌పాత్ మీద పడ్డాడు. మహీధర్ అతని మెడలోని పట్టీ పట్టి లాగాడు. గొంతు బిగుసుకుంది. పట్టీ తెగాక కాలితో పక్కటెముకల మీద తన్నాడు.

"నా తమ్ముని పానంతోని ఆడుకుంటావ్‌రా? గా పైన కూసొని బటన్లు నొక్కుకుంట ఆడుకుంటావ్?"

జనం మూగారు. ఎవరో ఫోన్ ఎత్తి తీస్తున్నారు. బాలరాజు చేతులు అడ్డం పెట్టలేదు. నోట్లో నెత్తురు ఉప్పగా ఉంది, ఒక పన్ను కదులుతోంది. ఇంకో తన్ను పడేలోపు జేబులోంచి ఫోన్ తీసి, ఫొటో తెరిచి, పైకి పట్టుకున్నాడు.

"టైం చూడున్రి సార్," అన్నాడు. "పదకొండు ముప్పై ఆరు. మీ తమ్మునికి రక్తం అప్పుడే పైకి పోయింది. నేను ఆ మెట్లు దిగెటాల్లకు పదకొండు నలభై. మీరు డ్రాయర్ తన్నింది నేను చూసిన. నాలుగు నిమిషాలైంది అప్పటికే రక్తం పోయి. ఇది రాసింది ఆయన. మీరు ఇరగ్గొట్టింది రాసిన చెయ్యినే."

మహీధర్ కాలు గాల్లో ఆగి కిందికి దిగింది. వంగి ఫోన్ తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఫొటోలో 11:36 అన్న అంకెల పక్కన అతని బొటనవేలు ఉంది.

దుకాణంలోకి వెళ్ళి ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. బాలరాజు గోడ పట్టుకుని లేచి గడప దగ్గరికి వచ్చాడు. జనం ఇంకేమీ జరగడం లేదని తెలుసుకుని విడిపోయారు.

"పైకి పోయిందని చెప్పిండు," అన్నాడు మహీధర్. "మూడు నాలుగుసార్లు చెప్పిండు."

"ఔ."

"నాకు ఇనబడ్డది." అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. పిడికిలి కణుపుల మీద గురువారం నాటి గీతలు ఎండి పక్కులు కట్టాయి, వాటి పక్కన ఇవాళ్టివి తడిగా ఉన్నాయి. "ఇనబడ్డది గని ఆపబుద్ధి కాలే. ఎవన్నో ఒకన్ని కొట్టాలె అప్పుడు."

*

ఆదివారం అబిడ్స్ దుకాణాలు మూసి ఉన్నాయి. ఫుట్‌పాత్ల నిండా పాత పుస్తకాలు పరిచారు. వాటి మధ్య జాగ్రత్తగా అడుగులు వేస్తూ, పక్కటెముకలు పట్టుకుని, బాలరాజు ఆఫీసు మెట్లెక్కాడు. గురువారం రికార్డు మొత్తం పద్నాలుగు పేజీలు వచ్చింది. పరీక్షకు పంపిన పదిలో రెండు ఆగిపోయినట్టు, అయినా అన్నిటికీ పంపినట్టు, 'తర్వాత' బటన్ తీసేసినట్టు, రద్దు నాలుగుసార్లు విఫలమైనట్టు. ప్రతి వరస చివరా అతని పేరు. పేజీ పేజీకీ సంతకం పెట్టాడు. శుక్రవారం ఇచ్చిన పేజీ గురించి చివర్న చేత్తో రెండు వాక్యాలు రాశాడు. ఆ బటన్ నొక్కడం ఆ ఉద్యోగి హక్కు. దాన్ని తీసేసింది నేను.

సోమవారం పదకొండుకు నాంపల్లిలో కమలకుమారి గదిలో సదాశివ, బాలరాజు, మహీధర్ కూర్చున్నారు. ఆమె పద్నాలుగు పేజీలూ చదివింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పంపుమని ఎవరు చెప్పిన్రు?"

"సదాశివ సార్ చెప్పిన్రు. నేను పంపిన," అన్నాడు బాలరాజు.

"చెప్పిన్రా సార్?"

సదాశివ గోడ మీది క్యాలెండర్ చూశాడు. బాలరాజు ఉబ్బిన ముఖం వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"చెప్పి ఉండొచ్చు," అన్నాడు చివరికి. "ఆ రోజు హడావుడిల ఉన్నం. సరిగ యాది లేదు."

ఆమె ఒప్పంద పత్రాన్ని మహీధర్ ముందుకు జరిపి పెన్ను అందించింది. "మీకు దీనితోని సంబంధం లేదు. మీరు సంతకం పెట్టి పోవచ్చు. కేసు ఉండదు."

మహీధర్ కాగితాన్ని చదివాడు. కౌంటర్ ఉద్యోగి నిర్లక్ష్యం అన్న వరస దగ్గర వేలు ఆపాడు. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చాడు.

"గిది నేను పెట్ట మేడమ్. కొట్టింది నేను. కేసు పెట్టుకోన్రి."

"మీ వకీలును అడిగి చెప్పున్రి."

"అడిగిన. సంతకం పెట్టుమనే అన్నడు." అతను లేచాడు. "ఆయన ఏ వార్డుల ఉన్నడు?"

భూమయ్య సస్పెన్షన్ ఆ మధ్యాహ్నమే ఎత్తేశారు. సంతకం లేకుండా ఆ కాగితం నిలవదని కమలకుమారికి అర్థమైంది. బాలరాజు లాగిన్‌ను సదాశివే ఫోన్ చేసి మూయించాడు. విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. కార్డు ఇచ్చెయ్యమంటే, తెగిన పట్టీతో సహా బల్ల మీద పెట్టాడు.

మూడో అంతస్తుకు ఇద్దరూ కలిసే మెట్లెక్కారు. దారిలో మాట్లాడుకోలేదు. వార్డులో శంకరమ్మ గంజి గిన్నె మూత తీస్తోంది. బాలరాజు వాచిన ముఖం చూసి ఏదో అడగబోయింది. వెనక ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది. భూమయ్య మంచం మీద వెనక్కి జరిగాడు. కట్టున్న చెయ్యి ఛాతీ మీదికి లాక్కున్నాడు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నువ్వేనా?" అంది.

మహీధర్ తల ఊపాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

"ఏమనకు," అంది శంకరమ్మ. గొంతు పైకి లేవలేదు. "నాలుగొద్దులాయె, మూడు పూటలు నేనే తినిపిస్తున్న. చెయ్యి లేదు, దౌడ లేదు ఆయనకు. హాస్టల్‌ల రేపటి నుంచి రాకుంటే వేరేటోళ్ళను పెట్టుకుంటమన్నరు. నేను పనికి పోవాలె." గిన్నె, చెంచా అతని చేతుల్లో పెట్టింది. "కూసో. తినిపియ్యి. వేడి చూసి పెట్టు. ఒక్కపాలే నోట్ల కుమ్మరించకు, దౌడ కదలదు. పొద్దుగాల ఎనిమిదింటికి, మజ్జెన్నం ఒంటిగంటకు, రాత్రి ఏడింటికి. కట్టు ఇప్పే దాక."

బాలరాజు వైపు తిరిగింది. "నువ్వు తల ఎత్తిపట్టు తమ్మీ."

సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

మహీధర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బాలరాజు భూమయ్య మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తాడు. మహీధర్ చెంచా నింపి, తన కింది పెదవికి తాకించి వేడి చూసుకుని, ముందుకు తెచ్చాడు. చెయ్యి ముఖం దగ్గరికి రాగానే భూమయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. మెడ నరాలు బిగుసుకోవడం బాలరాజు అరచేతికి తెలిసింది. మహీధర్ చెయ్యి గాల్లో ఆగింది. భూమయ్య కళ్ళు తెరిచేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు. గంజి ఒక చుక్క దుప్పటి మీద పడింది. కొంతసేపటికి భూమయ్య పెదవులు విడదీశాడు.

రెండో చెంచాకూ కళ్ళు మూసుకున్నాడు. మూడోదానికీ. ప్రతిసారీ మహీధర్ చెయ్యి అక్కడే ఆగింది, ప్రతిసారీ భూమయ్య కళ్ళు తెరిచాకే కదిలింది. ఆ చిన్న గిన్నె ఖాళీ అవడానికి ముప్పావుగంట పట్టింది.